జైలు పరిచర్య చేసేవారు తమ మనసును, ఇంటిని ఎలా కాపాడుకోవాలి?

జైలుకు వెళ్లి ఖైదీలతో ప్రార్థించేవారు, వాక్యం చెప్పేవారు, ఒక పక్కన కూర్చుని వాళ్ల గోడు వినేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "లోపల ఉన్నంతసేపూ బాగానే ఉంటున్నాను, ఇంటికి వచ్చాక నిద్ర పట్టడం లేదు, చిన్నదానికే పిల్లల మీద విసుక్కుంటున్నాను, ఇది నా విశ్వాసంలో లోపమా?" అని. లోపం కాదు. ఇతరుల వేదనను దగ్గర నుంచి, వారం తరువాత వారం వినే మనిషికి అందులో కొంత అంటుకోవడం సహజం. నర్సులకూ, అగ్నిమాపక సిబ్బందికీ, ప్రమాద స్థలాల్లో పనిచేసేవారికీ కూడా ఇదే జరుగుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990లలో ఈ స్థితిని కరుణ వల్ల కలిగే అలసటగా వివరించారు. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు. ఏం చేయాలన్నదే ముఖ్యం.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నాటి జైళ్ల చట్టం ప్రకారం ప్రతి జైలుకూ చాప్లిన్, అంటే అక్కడి ఆధ్యాత్మిక సేవ చూసే మతగురువు, ఉండాలి. ఆయన అక్కడి సిబ్బందిలో ఒకరు. పక్కగదిలో మాట్లాడుకోవడానికి తోటివారు ఉంటారు. మన దగ్గర చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, కడప, నెల్లూరు కేంద్ర కారాగారాలకు వెళ్లే పాస్టర్లు, ఫాదర్లు, సిస్టర్లు చాలావరకు అధికారుల అనుమతి మీద వెళ్లే స్వచ్ఛంద సేవకులే. కేరళలో 1981లో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా వంటి సంస్థల తోడు ఉన్నవారు కొంత నయం. మిగిలినవారు గేటు దాటి బయటికి వచ్చి, విన్నదంతా గుండెలో పెట్టుకుని, ఒంటరిగా బస్సెక్కి ఇంటికి పోతారు. ఈ పరిచర్యలో మనిషిని కుంగదీసేది విన్న ఘోరాలకంటే ఆ ఒంటరితనమేనని నా దృఢమైన అభిప్రాయం. అందుకే కింద చెప్పిన పనుల్లో సగానికి పైగా ఆ ఒంటరితనాన్ని తగ్గించేవే. మౌల్వీలకూ, సత్సంగాలు నిర్వహించేవారికీ ఇవి ఇంతే పనికివస్తాయి.

కావలసినవి

- మిమ్మల్ని పంపుతున్న సంఘం లేదా విచారణ (కతోలిక పారిష్) నుంచి, మీ పని ఏమిటో స్పష్టంగా రాసిన ఒక పేజీ ఉత్తరం.
- మీతో కలిసి లోపలికి వచ్చే జోడీ.
- జైలుకు రాని, మీ సంఘంలో మీపై అధికారం లేని, నెలకు ఒక్కసారైనా గంటసేపు మీ మాట వినగల ఒక మనిషి.
- ఒక చిన్న నోటుపుస్తకం. అందులో ఖైదీల పేర్లు, నంబర్లు, కేసు వివరాలు ఎప్పుడూ రాయకూడదు.
- జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు, మీకు తెలిసిన ఒక మానసిక వైద్యుడి నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416.

వీటిలో మూడోది, అంటే మీ 'వినే మనిషి', దొరకడమే కష్టం. ఆ మనిషి దొరకకుండానే పరిచర్య మొదలుపెట్టేవారు ఎక్కువ. అలా మొదలుపెట్టవద్దు.

1. చేసేదీ చేయనిదీ ముందే రాసుకోండి

మొదటిసారి జైలుకు వెళ్లడానికి ముందే మీ జోడీతో కూర్చుని రెండు జాబితాలు రాయండి. చేసేవి: ప్రార్థన, వాక్యం, వినడం, జైలు అధికారులు అనుమతించిన పుస్తకాలు ఇవ్వడం. చేయనివి: కేసు గురించి సలహా ఇవ్వడం, డబ్బు ఇవ్వడం, ఉత్తరాలూ కబుర్లూ మోయడం, జామీను ఉండటం. నిషిద్ధ వస్తువులను లోపలికి చేర్చడమూ, అనుమతి లేకుండా ఖైదీలకు కబుర్లు అందించడమూ 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద నేరం. జాలితో చేసిన చిన్న సాయం మీ అనుమతినీ, మీ తరువాత రావలసినవారి అనుమతినీ పోగొడుతుంది.

ఈ జాబితా మీ మనసుకు కూడా రక్షణే. ఆవలివైపు నుంచి ఇలాంటి మాట తప్పకుండా వస్తుంది: "అన్నా, మా అమ్మకి ఒక్క ఫోన్ చెయ్యవా, నంబరు ఇందులో ఉంది" అంటూ నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితాన్ని ప్రార్థన ముగిశాక చేయి కలుపుతూ మీ అరచేతిలో పెడతారు. ఆ క్షణంలో ఆలోచించుకుని నిర్ణయానికి రావడం సాధ్యం కాదు. ముందే నిర్ణయించుకుని ఉండాలి. కాగితాన్ని అక్కడికక్కడే తిరిగి ఇచ్చి, "ఇది నేను తీసుకోకూడదు, నువ్వూ నేనూ కలిసి సంక్షేమ అధికారితో చెబుదాం" అనండి. అలా అన్నందుకు ఆ రాత్రి మనసు కొంచెం బాధపడవచ్చు. కాగితం జేబులో వేసుకుని వస్తే నెలల తరబడి భయపడవలసి వస్తుంది.

2. నిస్సహాయతకు ఒక దారి చూపండి

మన దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. కాబట్టి మీరు వినే మాటల్లో పాపం, పశ్చాత్తాపం కంటే వాయిదాలు, వకీలు, బెయిలు ఎక్కువగా ఉంటాయి. "బెయిలు వచ్చింది అయ్యగారూ, జామీనుదారులే దొరకలేదు" అన్న మాట విన్నాక ప్రార్థన చేసి లేచి రావడం చాలా బరువుగా ఉంటుంది. ఏమీ చేయలేకపోయానన్న ఆ భావం పేరుకుపోయి మనిషిని లోలోపల తినేస్తుంది.

దీనికి విరుగుడు మీరే వకీలు కావడం కాదు, సరైన చోటికి పంపడం. నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జైలులోని న్యాయసహాయ కేంద్రానికి వచ్చే పారా లీగల్ వాలంటీర్ (న్యాయసహాయంలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకుడు) ఎవరో, ఏ రోజు వస్తారో తెలుసుకుని పెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే కోర్టు విడుదల చేయాలి. మరణశిక్ష లేదా యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తించదు. దీన్ని ఖైదీకి వివరించి ఆశ పెట్టడం మీ పని కాదు. "మీ కాలం లెక్క వేయించమని న్యాయసహాయ వకీలును అడగండి" అన్న ఒక్క మాట చాలు.

సాధారణంగా జరిగే పొరపాటు "చూస్తాను" అనడం. బయట ఆ మాటకు పెద్ద అర్థం లేదు. లోపల దాన్ని వాగ్దానంగా తీసుకుని వచ్చే వారం దాకా రోజులు లెక్కపెడతారు. ఆ ఎదురుచూపు మీకూ తెలుస్తుంది, మీ నిద్రలోకీ వస్తుంది.

3. వినేటప్పుడు వివరాలు తవ్వవద్దు

"ఏ కేసు?" అని అడగవద్దు. "ఇప్పుడు మీకు అన్నిటికంటే బరువుగా ఉన్నదేమిటి?" అని అడగండి. నేరం ఎలా జరిగిందో అంగుళం అంగుళం వింటే ఖైదీకి మేలు జరగదు, మీ కళ్లముందు మాత్రం ఆ దృశ్యం నిలిచిపోతుంది. చెప్పేవారు వివరాల్లోకి వెళుతుంటే మృదువుగా ఆపి, "అది జరిగిన తరువాత మీ మనసు ఎలా ఉంది?" అని మళ్లించండి. పాదాలు నేలకు ఆనించి, వీపు నిటారుగా పెట్టి, మధ్యలో ఒకసారి నిదానంగా ఊపిరి తీసి వదలండి. ఇంత చిన్న విషయం కూడా చెప్పాలా అనిపించవచ్చు గానీ, ఊపిరి బిగబట్టి వినడం అలవాటైనవారికే సాయంత్రానికి తలనొప్పి వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఖైదీల మధ్యనే గడిపే మనిషికి బాధితుల ముఖాలు మెల్లగా మసకబారతాయి. అలా జరిగిందని ఒకరోజు స్పృహకు వచ్చినప్పుడు తీవ్రమైన అపరాధభావం కలుగుతుంది. ప్రతి ప్రార్థనలోనూ, పేరు తెలియకపోయినా, ఆ నేరం వల్ల నష్టపోయిన కుటుంబాన్ని తలుచుకోండి.

4. రహస్యాల హద్దు ముందే చెప్పండి

ఒంటరిగా మాట్లాడటం మొదలుపెట్టే ముందే ఈ అర్థం వచ్చేలా చెప్పండి: "మీరు చెప్పేది నేను ఎక్కడా చెప్పను. కానీ మీరు ప్రాణం తీసుకోవాలనుకున్నా, ఇంకొకరికి హాని చేయాలనుకున్నా అది నా దగ్గరే దాచుకోలేను." కతోలిక గురువులకు పాపసంకీర్తనంలో, అంటే విశ్వాసి తన పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఏ కారణంతోనూ బయటపెట్టకూడదన్న శ్రీసభ నియమం ఉంది. అందుచేత ఫాదర్లు సంకీర్తనం వేరు, మామూలు సంభాషణ వేరు అని మొదటే స్పష్టం చేయాలి. మిగిలిన సేవకులు తెలుసుకోవలసినది, వకీలుకూ కక్షిదారుకూ మధ్య జరిగే సంభాషణకు మన సాక్ష్య చట్టం ఇచ్చే రక్షణ మతబోధకుడికి లేదు. కాబట్టి ఇంకా ఎవరికీ తెలియని నేరం గురించి చెప్పబోతున్నారని అనిపిస్తే అక్కడే ఆపి, అది వకీలుతో మాట్లాడవలసిన విషయమని చెప్పండి.

ఆత్మహత్య మాట వింటే ఆ రోజే, జైలు గేటు దాటకముందే, జైలు వైద్యుడికో సూపరింటెండెంటుకో చెప్పండి. "రేపు ఫోన్ చేసి చెబుదాం" అనుకుని వచ్చేయవద్దు. ఎవరికి, ఏ సమయానికి చెప్పారో, ఖైదీ పేరు లేకుండా మీ పుస్తకంలో రాసుకోండి. తరువాత ఏం జరిగినా, మీరు చేయవలసింది చేశారా లేదా అన్న ప్రశ్న అర్ధరాత్రి లేచి కూర్చోబెట్టకుండా ఆ ఒక్క గీత కాపాడుతుంది.

5. బయటికి వచ్చిన మొదటి గంట

నేరుగా ఇంటికి వెళ్లవద్దు, ఇంకో ప్రార్థన కూడికకు అసలే వెళ్లవద్దు. గేటు దగ్గర ఫోన్ తిరిగి తీసుకోగానే సందేశాలు చూడటం మొదలుపెట్టకుండా, జోడీతో కలిసి టీకొట్టుదాకా నడవండి. ఏదైనా తినండి. బైబిలులో ఏలీయా ప్రవక్త ఇక చావే మేలని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందుగా అతనికి ఇచ్చింది బోధ కాదు, రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర. ఆ క్రమాన్ని మన సేవకులు ఎందుకో పట్టించుకోరు.

తరువాత పది నిమిషాలు కూర్చుని మూడు సంగతులు రాయండి: ఈ రోజు ఏ మాట నా మీద పడింది, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, దానిలో నేను చేయవలసినదీ వదిలేయవలసినదీ ఏమిటి. అరపేజీ దాటవద్దు. రాయడం ఇష్టం లేనివారు మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు. టెక్సస్‌లోని హంట్స్‌విల్ జైలులో చాప్లిన్‌గా పనిచేసిన కారల్ పికెట్ 95 మరణశిక్షల అమలు సమయంలో ఖైదీల పక్కనే ఉన్నారు. చెప్పుకోవడానికి మనిషి లేక, ప్రతిసారీ ఇంటికి వెళ్లి టేపు రికార్డరుతో మాట్లాడుకున్నారు. పదవీ విరమణ తరువాత మరణశిక్షను బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ టేపులు ఆయనకు ఆసరా అయి ఉండవచ్చు, కానీ టేపు తిరిగి మాట్లాడదు. మీ రికార్డు మీ వినే మనిషిని కలిసేదాకా ఉండే తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. అందులోనూ పేర్లు ఉండకూడదు, మాట్లాడుకున్నాక చెరిపేయాలి.

ఇంట్లో ఎంత చెప్పాలి? "ఈ రోజు భారంగా గడిచింది, కొంచెంసేపు మౌనంగా ఉంటాను" అన్నంతవరకు చెప్పండి. కథంతా చెబితే ఆ దృశ్యాలు మీ భార్య లేదా భర్త కళ్లముందుకీ వస్తాయి. ఏమీ చెప్పకపోతే మీ ముభావానికి తామే కారణమని అనుకుంటారు.

6. నెలకోసారి పరీక్షించుకోండి

"నేను బాగానే ఉన్నాను" అన్న మీ మాటను మీరే నమ్మవద్దు. సహాయక వృత్తుల్లో ఉన్నవారి కోసం బెత్ హడ్నల్ స్టామ్ రూపొందించిన ప్రోక్వాల్ అనే ప్రశ్నావళి ఉచితంగా దొరుకుతుంది. గత 30 రోజుల గురించి 30 ప్రశ్నలుంటాయి. పనిలో దొరికే తృప్తి, పని వల్ల వచ్చే నిస్సత్తువ, ఇతరుల గాయాల వల్ల మనకు కలిగే ఒత్తిడి అనే మూడింటిని అది విడివిడిగా చూపుతుంది. అది రోగనిర్ధారణ కాదు. ఈ నెల అంకెను పోయిన నెల అంకె పక్కన పెట్టి చూడటానికే వాడండి.

ప్రశ్నావళి వద్దనుకుంటే ఈ గుర్తులు చూసుకోండి. రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూస్తున్నారా? కూతురు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఊపిరి ఆగిపోతోందా? లోపల విన్న దృశ్యం స్నానం చేస్తుండగానో బండి నడుపుతుండగానో పిలవకుండా వస్తోందా? ఆదివారం ప్రసంగంలో తెలియకుండానే ప్రతిసారీ జైలు ఉదాహరణే చెబుతున్నారా? ప్రార్థనలో మాటలు వస్తున్నా మనసు మొద్దుబారి ఉందా? జైలు సిబ్బంది అందరూ దుర్మార్గులనో, లేదా ఖైదీలందరూ అబద్ధాలకోరులనో అనిపిస్తోందా? చివరిదాన్ని తేలికగా తీసుకోవద్దు. ఏదో ఒక వైపుకు మనసు గడ్డకట్టిందంటే అలసట లోతుగా దిగిందని అర్థం.

తరువాత ఇంట్లోవారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నెలలో నేను మారినట్లు నీకు ఎక్కడైనా అనిపించిందా?" వారు సమాధానం చెబుతుంటే వాదించవద్దు. వారు చెప్పింది మీ వినే మనిషికి ఉన్నదున్నట్లు చెప్పండి.

7. బరువైన రోజులను ముందే గుర్తించి పెట్టుకోండి

జనవరి 26, ఆగస్టు 15 దగ్గరపడుతున్నకొద్దీ శిక్షాకాలం ముందే ముగించి విడుదల చేసేవారి జాబితా గురించి బ్యారక్‌లలో మాటలు మొదలవుతాయి. జాబితాలో పేరున్నవారి సంతోషంలో పాలుపంచుకున్న అదే రోజున, పేరు లేనివారి పక్కన కూర్చోవలసి వస్తుంది. ఏళ్లుగా సత్ప్రవర్తనతో ఉన్న మనిషి పేరు రాకపోతే "దేవుడు నా ప్రార్థన వినలేదా అయ్యగారూ?" అని అడుగుతాడు. అదే ప్రశ్న మీలోనూ ఉంటుంది. ఆ రోజు జవాబు చెప్పడానికి ప్రయత్నించవద్దు, పక్కన కూర్చోండి. అలాంటి వారంలో ఒంటరిగా వెళ్లవద్దు, మరుసటి రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు.

మహిళా జైళ్లకు వెళ్లే సిస్టర్లకు మరో రోజు ఉంటుంది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తల్లితో జైలులో ఉన్న బిడ్డను ఆరేళ్లు నిండేదాకానే అక్కడ ఉంచుతారు. బట్టల మూట సర్ది, జడ వేసి, "సెలవులకి వెళ్తున్నావు" అని చెప్పి బిడ్డను పంపిన తల్లిని ఆ మధ్యాహ్నం ఓదార్చిన స్త్రీకి, ఇంటికెళ్లి తన పిల్లలకు అన్నం పెట్టడం మామూలు పని కాదు. ఆ తేదీ ముందే తెలుస్తుంది గనుక ఆ రోజుకు ఇద్దరు వెళ్లేలా, సాయంత్రం ఇంటి పని మరొకరు చూసుకునేలా ఏర్పాటు చేసుకోండి.

లోపల ఎవరైనా మరణిస్తే, లేదా మీరు ఎంతో నమ్మిన మనిషి విడుదలై మళ్లీ నేరం చేసి తిరిగి వస్తే, మూడు రోజులలోపు వినే మనిషితో మాట్లాడండి. నెలవారీ సమావేశం దాకా ఆగవద్దు. మళ్లీ వచ్చిన మనిషి విషయంలో చాలామంది "నా పరిచర్య అంతా వృథా" అనుకుంటారు. మార్పు ఎంత కాలం తీసుకుంటుందో ఒక ఉదాహరణ చూడండి. 1995లో ఇందౌర్ ప్రాంతంలో హత్యకు గురైన సిస్టర్ రాణీ మరియా సోదరి, ఆ హంతకుడికి జైలులో రాఖీ కట్టింది 2002లో. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. ప్రసంగాల్లో ఆ ఏడేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తాం, తరువాత మన ఖైదీలు ఆరు నెలల్లో మారాలని ఆశపడి కుంగిపోతాం.

8. సంఘం పెద్దలకు చెప్పవలసినది

సేవకుడు నిలబడాలంటే పంపినవారు పూనుకోవాలి. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనుల తగవులు వింటుంటే మామ యిత్రో వచ్చి, ఇది నీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదని చెప్పి మనుషులను ఏర్పాటు చేయించాడు. మీ పెద్దల దగ్గర మూడు అడగండి: జోడీ లేకుండా ఎవరినీ పంపకూడదు, జైలుకు వెళ్లిన మరునాడు సేవకుడికి సంఘపు పని ఉండకూడదు, సంవత్సరంలో ఒక నెల పూర్తి విరామం ఉండాలి. కాదంటే, కనీసం మొదటి రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. "ఎంతమంది రక్షణ పొందారు?" అని మాత్రమే అడిగే పెద్దలకు మీ నెలవారీ నివేదికలో "సేవకుడి ఆరోగ్యం" అని ఒక గడి చేర్చి మీరే నింపి ఇవ్వండి, నాలుగు నెలలకు వారే దాని గురించి అడగడం మొదలుపెడతారు.

9. ఎప్పుడు ఆగాలి, ఎలా ఆగాలి

రెండు వారాలకు పైగా నిద్ర సరిగా లేకపోయినా, విన్న దృశ్యాలు పగటిపూట పదేపదే వస్తున్నా, మద్యమో నిద్రమాత్రలో అవసరమవుతున్నా వైద్యుడిని కలవండి. దగ్గరలో ఎవరూ లేకపోతే 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు చేయండి. ప్రార్థన మానమని ఎవరూ చెప్పరు. మందులు అవసరమైతే వాడుతూనే ప్రార్థించవచ్చు.

విరామం తీసుకునేటప్పుడు చెప్పకుండా మాయం కావద్దు. లోపలివారు అప్పటికే చాలామంది చేత వదిలివేయబడినవారు. మీరు రాకపోతే తామేదో తప్పు చేశామని అనుకుంటారు, ఆ ఆలోచన ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న మిమ్మల్నీ వదలదు. రెండు వారాల ముందే "ఫలానా నెల నేను రాను, నా బదులు వీరు వస్తారు" అని చెప్పి, కొత్తవారిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయండి. సూపరింటెండెంటు కార్యాలయానికి కూడా ఒక ఉత్తరం ఇవ్వండి. ఖైదీలు చెప్పిన రహస్యాలను కొత్తవారికి అప్పగించవద్దు. అవి చెప్పాలా వద్దా అన్నది చెప్పినవారి ఇష్టం.

తిరిగి వెళ్లేముందు ఆరో అంచెలోని పరీక్ష మళ్లీ చేసుకుని, నిస్సత్తువ, ఒత్తిడి అంకెలు తగ్గాయని మీరూ మీ ఇంట్లోవారూ వినే మనిషీ ముగ్గురూ ఒప్పుకున్నాకే తేదీ పెట్టుకోండి. మొదటి నెల ఒక్క బ్యారక్‌కు, ఒక్క గంటకే వెళ్లండి.